జర్మనీకి రెండేళ్ల డెప్యుటేషన్: పీఎఫ్, పన్ను రెండు చోట్లా కట్టాలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2025 నవంబరు 5 నుంచి రెండేళ్లపాటు కంపెనీ నన్ను మ్యూనిక్ పంపిస్తోంది. ఇక్కడి పేరోల్‌లోనే ఉంచుతామంటున్నారు. నా భార్య, పాప 2026 జూన్‌లో వస్తారు. పీఎఫ్ ఇక్కడా, పెన్షన్ బీమా అక్కడా కట్టాలా? పన్ను రెండుసార్లు పడుతుందా? ఇదే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు పీఎఫ్ సంగతి చూద్దాం. అది మీరు విమానం ఎక్కేలోగానే తేలాలి.

జర్మనీలో ఉద్యోగి జీతంలోంచి 9.3 శాతం పెన్షన్ బీమాకు కోస్తారు, కంపెనీ మరో 9.3 శాతం కలుపుతుంది. నెలకు 5,000 యూరోల జీతమైతే మీ వాటా 465 యూరోలు, రెండేళ్లకు 11,160. ఆ డబ్బు మీరు కట్టనక్కర్లేదు. భారత్, జర్మనీల మధ్య సామాజిక భద్రత ఒప్పందం 2017 మే 1 నుంచి అమల్లో ఉంది. ఇక్కడి కంపెనీ పంపిన ఉద్యోగి 48 నెలల దాకా మన పీఎఫ్‌లోనే కొనసాగుతూ అక్కడి పెన్షన్ బీమా నుంచి మినహాయింపు పొందవచ్చు. అయితే మీరు ఇక్కడి పీఎఫ్‌లో ఉన్నారని పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ ఇచ్చే కవరేజ్ సర్టిఫికెట్ చూపిస్తేనే. దీని కోసం మీ హెచ్‌ఆర్‌ను ఈ వారమే అడగండి. నా దగ్గరికి వచ్చిన ఒకాయన ఆ కాగితం లేకుండానే వెళ్లిపోయారు. నాలుగు నెలలు కోత పడ్డాక దాన్ని సరిచేయించుకోవడానికి నానా అవస్థలూ పడ్డారు. అమెరికా వెళ్లేవాళ్లకైతే ఈ వెసులుబాటే లేదు. ఆ దేశంతో మనకు ఇలాంటి ఒప్పందం కుదరలేదు.

ఒక్క జాగ్రత్త. మధ్యలో మిమ్మల్ని జర్మనీ శాఖ కాంట్రాక్టులోకి మారుస్తామంటే ఈ మినహాయింపు పోతుంది. అప్పుడు సంతకం పెట్టే ముందు లెక్క మళ్లీ వేసుకోండి. ఆరోగ్య బీమా ఎటూ ఈ ఒప్పందంలోకి రాదు, అది అక్కడి నిబంధనల ప్రకారమే తీసుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చేరగలిగితే, ఉద్యోగం చేయని భార్యకూ పాపకూ అదనపు చందా లేకుండానే రక్షణ దొరుకుతుంది.

ఇక పన్ను. విదేశాల్లో ఉన్నాను కాబట్టి ఎన్నారైనే అని చాలామంది అనుకుంటారు. మన ఆదాయపు పన్ను చట్టం రోజులు లెక్కపెడుతుంది. ఉద్యోగం కోసం వెళ్లే ఏడాదిలో 182 రోజులు ఇక్కడుంటే రెసిడెంటే, అంటే పన్ను లెక్కలో ఇక్కడి నివాసే. అక్టోబరు చివరికే మీకు 214 రోజులవుతాయి. అంటే 2025-26లో మీరు రెసిడెంట్, నవంబరు నుంచి మార్చి దాకా వచ్చే జర్మనీ జీతం కూడా ఇక్కడి రిటర్నులో చూపాలి. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ వస్తుంది కాబట్టి కంగారొద్దు. రిటర్నుతో పాటు ఆ క్రెడిట్ కోరే ఫారం 67 మాత్రం మరచిపోకండి. జర్మనీ బ్యాంకు ఖాతా వివరాలు విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో రాయాలి.

2026-27లో సెలవులకు కొద్ది రోజులు వచ్చి వెళ్లినా మీరు ఎన్నారైనే. అసలు చిక్కు 2027-28లో ఉంది, దాని గురించి ముందే హెచ్చరించేవాళ్లు తక్కువ. ఆ నవంబరులో మీరు పూర్తిగా తిరిగొచ్చేస్తే మార్చి లోపు, తిరిగొచ్చే ఏడాదికి వర్తించే 60 రోజుల హద్దు దాటిపోతుంది. అంతకుముందు నాలుగేళ్లలో 365 రోజులకు మించి ఇక్కడున్నారు కాబట్టి ఆ ఏడాది మళ్లీ రెసిడెంట్ అవుతారు. ఏప్రిల్ నుంచి అక్కడ సంపాదించినదంతా ఇక్కడి లెక్కలోకి వస్తుంది. అందుకే జర్మనీ జీతపు స్లిప్పులు, పన్ను కోత పత్రాలు ఒక్కటి కూడా పారేయకండి.

విదేశీ మారక ద్రవ్య వ్యవహారాలు చూసే ఫెమా చట్టం దారి వేరు. ఉద్యోగం కోసం వెళ్లేవారి విషయంలో అది రోజులు లెక్కపెట్టదు, బయల్దేరిన నాటి నుంచే మిమ్మల్ని ప్రవాసిగా చూస్తుంది. కాబట్టి సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా, అంటే ప్రవాసులు ఇక్కడి ఆదాయం కోసం ఉంచుకునే ఖాతాగా మార్పించుకోండి. పాత పీపీఎఫ్ ఖాతా ఉంటే గడువు తీరేదాకా కొనసాగించవచ్చు, కొత్తది తెరవలేరు.

మీ భార్య వచ్చేదాకా జర్మనీలో మీ జీతం ఒంటరి ఉద్యోగి లెక్కలో, అంటే ఒకటో పన్ను తరగతిలో కోతకు గురవుతుంది. ఆ కోత చూసి బెంగపడకండి. ఆమె జూన్‌లో వచ్చి అక్కడ కాపురం పెట్టాక 2026 మొత్తానికీ ఇద్దరూ కలిసి రిటర్ను వేయవచ్చు. ఎక్కువ పోయినదేదైనా ఉంటే అప్పుడు వెనక్కి వస్తుంది.