ఢిల్లీ టూర్‌లో ఒక్క రోజు బొగ్గింజన్లకు: నలభై మందితో రేవారి వెళ్లాలా, చాణక్యపురి మ్యూజియం చాలా?

నలభై మంది, సగం మంది అరవై దాటినవాళ్లు, పది మంది దాకా పిల్లలు, చేతిలో ఒక్క రోజు. చాణక్యపురిలోని నేషనల్ రైల్ మ్యూజియం చూడాలా, హర్యానాలోని రేవారి స్టీమ్ షెడ్‌కి వెళ్లాలా అన్నది మీ ప్రశ్న. ఆ రోజు ఇంజన్ లైటప్ చేస్తారంటే (అంటే నిప్పు పెట్టి ఆవిరి పుట్టిస్తారంటే) రేవారి, చెయ్యరంటే చాణక్యపురి. చల్లారిన ఇంజన్ చూడ్డానికి ఢిల్లీ నుంచి 80 కిలోమీటర్లు పోనక్కర్లేదు.

రేవారి షెడ్ 1893 నాటిది. ఆవిరి ఇంజన్ల కాలం పోయాక మూతపడి, 2002లో హెరిటేజ్ షెడ్‌గా మళ్లీ తెరుచుకుంది. 2010లో బాగుచేసి సందర్శకుల కోసం సిద్ధం చేశారు. 1855 నాటి ఫెయిరీ క్వీన్ ఇక్కడిదే. దానికి వెనకాల టెండర్ (బొగ్గు, నీళ్లు మోసే బండి) ఉండదు, నీటి తొట్టి బాయిలర్ కిందే వేలాడుతూ ఉంటుంది. దాని పక్కన ప్రయాణికుల బళ్లు లాగిన డబ్ల్యూపీ తరగతి అక్బర్, ఆజాద్, సరుకు బళ్లు లాగిన అంగద్, మీటర్ గేజ్ (మీటరు వెడల్పు పట్టాల) ఇంజన్ రేవారి కింగ్. సికింద్రాబాద్–నిజామాబాద్, గుంటూరు–మాచర్ల దారులు మీటర్ గేజ్‌గా ఉన్న రోజులు చూసిన మీ పెద్దవాళ్లు ఆ చిన్న ఇంజన్ల దగ్గర ఆగిపోతారు. అక్కడ పావుగంట ఎక్కువే పెట్టుకోండి.

ముందుగా ఉత్తరం. షెడ్ బాగోగులు చూసేది ఉత్తర రైల్వే కాబట్టి ఢిల్లీ డివిజన్ కార్యాలయానికి రాయండి, రేవారి స్టేషన్ మాస్టర్‌కి కాదు. నెల ముందే రాయడం మేలు. ఎంతమంది, ఏ వయసువాళ్లు, తేదీ, అది కుదరకపోతే మరో తేదీ. "షెడ్ తెరిచి ఉంటుందా" అని అడిగితే "ఉంటుంది" అని జవాబు వస్తుంది, దానితో ఏ లాభమూ లేదు. అడగాల్సినవి వేరు: ఆ రోజు ఏ ఇంజన్ లైటప్ చేస్తున్నారు, ఆవిరి ప్రెషర్ ఎన్నింటికి అందుతుంది, ఫుట్‌ప్లేట్ (డ్రైవర్ నిలబడే అరుగు) ఎక్కనిస్తారా, సినిమా షూటింగ్ ఏదైనా ఉందా. షూటింగులకు అక్బర్‌ని తరచూ తీసుకుంటారు. ప్రయాణానికి రెండు రోజుల ముందు ఫోన్ చేసి మళ్లీ ఖాయం చేసుకోండి.

ప్రెషర్ సంగతి ఎందుకంటే, చల్లటి బాయిలర్‌లో ఆవిరి పుట్టించడం గంటల పని. డబ్ల్యూపీ లాంటి పెద్ద ఇంజన్‌కి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. తొందరపడి మంట పెంచితే ఫైర్‌బాక్స్ (బొగ్గు మండే గది) ఒకలా, బాయిలర్ ఒకలా సాగి లోపలి గొట్టాల మొదళ్లలో కారడం మొదలవుతుంది. అందుకే ముందు కట్టెలు, నూనె తడిపిన వేస్ట్ కాటన్‌తో మంట అంటించి, బొగ్గు కొద్దికొద్దిగా పరుస్తారు. మీరు పదింటికి చేరేసరికి ఇంజన్ సిద్ధంగా ఉండాలంటే తెల్లవారకముందే నిప్పు పడి ఉండాలి. అక్టోబర్ నుంచి మార్చి దాకా వెళ్లచ్చు. డిసెంబర్ చివర, జనవరిలో పొగమంచుకి పొద్దున రైళ్లు ఆలస్యమవుతాయి. బస్సయితే ఆరింటికల్లా బయల్దేరాలి, గురుగ్రామ్ దాటడమే అసలు కష్టం.

నలభై మందిని ఒక్కసారి షెడ్‌లోకి వదిలితే ఎవరికీ ఏమీ కనపడదు. ఎనిమిదేసి మందితో ఐదు జట్లు చెయ్యండి. ఫుట్‌ప్లేట్ మీద డ్రైవర్, ఫైర్‌మన్ పోగా ముగ్గురు నలుగురికే చోటు. నలుగురికి నాలుగు నిమిషాల చొప్పున పది విడతలు, అంటే ఎక్కిదిగే సమయం కలిపి గంట. మిగతా జట్లు ఆలోపు లోపలి గదులు చూస్తాయి. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నుంచి చూడటమే మంచిది.

పైకెక్కినవాళ్లు సెల్ఫీకన్నా ముందు గేజ్ గ్లాసులు చూడాలి. బాయిలర్‌లో నీటి మట్టం చూపేది ఆ గాజు గొట్టాలే. నీళ్లు తగ్గి ఫైర్‌బాక్స్ పైరేకు బయటపడితే అది కాలి మెత్తబడుతుంది, బాయిలర్ పేలే ప్రమాదం. అందుకే ఆ రేకులో సీసం నింపిన ప్లగ్గులు ఉంటాయి, సీసం కరిగితే ఆవిరి మంట మీదికి చిమ్మి హెచ్చరిస్తుంది. గ్లాస్ పరీక్షించి చూపించమని అడగండి: డ్రెయిన్ తిప్పి నీళ్లు వదిలేసి మూస్తారు, మట్టం చటుక్కున పైకి రావాలి. నెమ్మదిగా వస్తే దారి పూడుకుందన్నమాట. తర్వాత ఇంజెక్టర్. ఆవిరి ధారతోనే టెండర్ నీళ్లను బాయిలర్‌లోకి నెట్టే పరికరం, కదిలే భాగాలు దాదాపు లేవు. టెండర్ నీళ్లు వేడెక్కితే మొరాయిస్తుంది, ఎందుకంటే ఆవిరి చల్లబడి నీరైతేనే అది పనిచేస్తుంది. అలా మొరాయించినప్పుడు వేడినీళ్లు డ్రైవర్ క్యాబ్ కిందనుంచి బయటికి కొడతాయి. మెట్ల పక్కన గుంపుగా నిలబడొద్దనేది అందుకే.

ఇంకో చోటు సిలిండర్ల ముందు. ఆగి ఉన్న ఇంజన్ సిలిండర్లలో ఆవిరి నీరై చేరుతుంది. నీళ్లు నొక్కితే కుదించుకోవు కాబట్టి, అలాగే కదిలిస్తే సిలిండర్ మూత పగులుతుంది. అందుకని డ్రెయిన్ కాక్స్ (నీళ్లు వదిలే కుళాయిలు) తెరిచి కదిలిస్తారు, మరిగే నీళ్లూ ఆవిరీ పక్కలకి చిమ్ముతాయి. వీడియో తీసేవాళ్లు సరిగ్గా అక్కడే నిలబడతారు! కనీసం ఐదారు మీటర్ల దూరం ఉంచండి. సేఫ్టీ వాల్వ్ కుక్కర్ విజిల్‌లాగే ఎగురుతుంది గానీ మోత అంతకు ఎన్నో రెట్లు. చిన్నపిల్లలకు ముందే చెప్పి చెవులు మూయించండి.

నూలు బట్టలు, మూసి ఉండే బూట్లు వేసుకోవాలి. నైలాన్ చీర, చున్నీ నిప్పురవ్వ దగ్గర పనికిరావు. పిట్‌ల (ఇంజన్ కింద పనిచేసే గోతుల) అంచుల్లో నూనె, జారతాయి. కంట్లో బొగ్గు నలుసు పడితే నలపకుండా మంచినీళ్లతో కడగాలి, మామూలు కళ్లద్దాలున్నా చాలావరకు ఆపుతాయి. మెరిసే రాగి గొట్టాలు అందంగా ఉంటాయి, ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

లైటప్ కుదరక చాణక్యపురికి వెళ్తే సోమవారం పెట్టుకోకండి, ఆ రోజు సెలవు. అక్కడ ముందు చూడాల్సింది 1907 నాటి పటియాలా మోనోరైల్. బండి బరువు ఒక్క పట్టా మీద, పడిపోకుండా పక్కన పెద్ద ఇనుప చక్రం రోడ్డు మీద దొర్లుతుంది. నడిపే రోజులేవో గేటు దగ్గరే కనుక్కోండి. తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ల గారెట్ ఇంజన్: ఒక బాయిలర్, ముందొకటి వెనకొకటి చక్రాల వరసలు. దాని చుట్టూ ఒకసారి పూర్తిగా నడిస్తేనే నిర్మాణం అర్థమవుతుంది.