బ్యాటరీ దొరకలేదంటే నమ్మకండి

ప్రశ్న: ఫిల్మ్ మీద ఫొటోలు తీయడం నేర్చుకుందామని సెకండ్ హ్యాండ్‌లో 1990ల నాటి ఆటోఫోకస్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరా చూశానండి. నాలుగు వేలు చెబుతున్నారు. బ్యాటరీ దొరక్క టెస్ట్ చేయలేదట. వెయ్యి అడ్వాన్స్ పంపితే నాకోసం ఉంచుతారట. కొనొచ్చా?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అడ్వాన్స్ మాత్రం పంపకండి. ఇదే కథ మరికొందరూ రాశారు. ఈ కెమెరాల్లో చాలావాటికి సీఆర్123ఏ గానీ 2సీఆర్5 గానీ అనే రకం బ్యాటరీ వేయాలి. రెండూ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కెమెరా అమ్మేవాళ్లు ఆ మాత్రం ఖర్చు పెట్టలేరా?

నా టెన్షనంతా ఆ వెయ్యి గురించే. డబ్బు అందాక కొందరు ఫోన్ ఎత్తరు. ఇంకొందరు ‘రిఫండ్ ఇస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటారు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగిందంటే మీ ఖాతాలోంచి పోతున్నట్టే. గుర్తింపు కార్డు ఫొటో పంపినా అది వాళ్లదేనన్న గ్యారంటీ లేదు. ఇప్పటికే పంపి మోసపోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి ఆలస్యం చేస్తే డబ్బు చేతులు మారిపోతుంది.

నేరుగా కలుస్తామంటేనే బేరం. కొత్త బ్యాటరీ మీరే పట్టుకెళ్లండి. వెనక మూత తీసి షట్టర్ రేకులు (ఫిల్మ్ ముందు తెరుచుకుని మూసుకునే పల్చటి రేకులు) వెలుతురులో చూడండి. నల్లటి జిగురు మరక కనిపిస్తే వద్దనేయండి, లోపలి ఫోమ్ కరిగి రేకులకు అంటుకుంటోందన్నమాట. వేలితో మాత్రం తుడవకండి, వంగిపోతాయి. తర్వాత లెన్స్‌ను ఒకసారి దగ్గరి వస్తువు మీద, ఒకసారి దూరపు తలుపు మీద పెట్టి బటన్ సగం నొక్కండి. తడుముకోకుండా ఫోకస్ పట్టుకోవాలి.

ఈ తరం చవక మోడళ్ల మీద నాకో కోపం ఉంది. కొన్నిటిలో ఫిల్మ్ స్పీడ్ (ఫిల్మ్ వెలుతురును ఎంత తొందరగా పట్టుకుంటుందో చెప్పే 100, 400 లాంటి అంకె) మనం పెట్టుకునే వీలే లేదు. ఫిల్మ్ డబ్బా మీది డీఎక్స్ కోడ్ (ఆ స్పీడ్ చెప్పే నలుపు, వెండి గళ్లు) చదివి కెమెరానే పెట్టేసుకుంటుంది. కోడ్ లేకపోతే చాలావరకు 100 అనుకుంటుంది. ఇప్పుడు చాలామంది కొంటున్నది పెద్ద రోల్ కోసి డబ్బాల్లో చుట్టిన ఫిల్మే, వాటిలో కొన్నిటికి ఆ కోడ్ ఉండదు. 400 ఫిల్మ్ వేస్తే ప్రతి ఫొటోకూ రెండు స్టాపులు ఎక్కువ, అంటే నాలుగింతల వెలుతురు పడుతుంది. కలర్ నెగటివ్ తట్టుకుంటుంది, నెగటివ్ లేకుండా నేరుగా బొమ్మ వచ్చే స్లైడ్ ఫిల్మ్ పాడైపోతుంది. ఒక్క బటన్ పెట్టుంటే తీరిపోయేది! డీఎక్స్ స్టిక్కర్లు దొరుకుతాయి, డబ్బాకు అంటించి వేయండి.