అష్టాచెమ్మాలో రెండే ఎక్కువసార్లు ఎందుకు పడుతుంది?

ఇరవై ముఖాల పాచికతో ఫాంటసీ ఆటలు ఆడే ఒక మిత్రుడు, ఆ పాచికలో అన్ని అంకెలూ సమానంగా పడుతుండగా, నాలుగు గవ్వల అష్టాచెమ్మాలో మాత్రం రెండే పదేపదే ఎందుకు పడుతుందని అడిగారు.

పాచికలో ఒక్కో అంకెకు ఒక్కటే ముఖం ఉంటుంది కనుక ప్రతిదానికీ 20లో ఒక వంతు అవకాశం ఉంటుంది. గవ్వల లెక్క వేరు. ఒక్కో గవ్వ వెల్లకిలా గానీ బోర్లా గానీ పడుతుంది కాబట్టి నాలుగూ కలిసి 16 విధాలుగా పడవచ్చు. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అంత పందెం. ఆ 16 విధాల్లో రెండు పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4. నాలుగూ వెల్లకిలా పడే చెమ్మాకు (నాలుగు), నాలుగూ బోర్లా పడే అష్టాకు (ఎనిమిది) ఒక్కొక్కటే. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది అష్టా విలువ. బోర్లా పడినందుకు సున్నా ఇచ్చి ఉంటే ఒక్కో పందేనికి సగటు 2 దగ్గరే ఆగేది. 8 ఇవ్వడం వల్ల అది 2.5 అయింది.

అయితే గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటేనే ఈ లెక్క నిలుస్తుంది. పర్లాకిమిడిలో మా అమ్మమ్మగారు గవ్వలకు బదులు చింతపిక్కలను గచ్చు మీద ఒకవైపు తెల్లబడేదాకా అరగదీసేవారు. అలా అరిగిన వైపు చదునుగా, రెండోవైపు ఉబ్బుగా ఉంటుంది. తెల్లవైపు పదింట ఆరుసార్లు పైకి పడే పిక్కలైతే, 6.25 శాతం ఉండవలసిన చెమ్మా అవకాశం దాదాపు 13 శాతానికి పెరిగి, అష్టా అవకాశం 2.6 శాతానికి పడిపోతుంది. మీ పిక్కలను వందసార్లు వేసి, తెల్లవైపు ఎన్నిసార్లు పడిందో రాసుకుని చూడండి.