పొదలు మాత్రమే ఉన్న నేల బంజరేనా?

కాదు, చెట్లు లేక పొదలే పరచుకున్న నేల పాడుపడిన అడవే కానక్కరలేదు, వాన తక్కువగా, మట్టి పలుచగా ఉన్న అనేక చోట్ల అది సహజంగా నిలదొక్కుకున్న ఆవాసం. పొదకు ఒకే మాను ఉండదు. మొదలు నుంచే అనేక కొమ్మలు చీలుతాయి కనుక పశువులు మేసినా, కొమ్మలు నరికినా చాలా జాతులు తిరిగి చిగురిస్తాయి. నేలకు దగ్గరగా ఉన్న ఆ కొమ్మలు చినుకుల తాకిడిని తగ్గిస్తాయి, వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. మనుషులకూ వీటితో పని ఉంది: తంగేడు ఆకు పొలానికి పచ్చిరొట్ట ఎరువుగా, బెరడు తోళ్లు పదును చేయడానికి తరతరాలుగా పనికివచ్చాయి.

ఉదాహరణకు కడప జిల్లా లంకమల ప్రాంతపు కలివికోడిని చూడండి. 1900 తర్వాత కనిపించక అంతరించిందనుకున్న ఈ అపురూపమైన పక్షి 1986లో ఆ జిల్లా పొదల అడవిలోనే మళ్లీ దొరికింది. రాత్రి వేళ తిరిగే దానికి పొదల చాటూ కావాలి, వాటి మధ్య పరుగెత్తడానికి ఖాళీ నేలా కావాలి.

అలాంటి చోట దట్టంగా చెట్లు నాటితే ప్రకృతికి మేలని చాలామంది మంచి మనసుతోనే అనుకుంటారు. కాని ఆ ఖాళీలు మూసుకుపోతే, పొదలను నరికివేసినప్పటిలాగే, కలివికోడికి చోటు మిగలదు.