ముందే వాడి చూసేవాళ్ల మాట వింటారా?

ప్రశ్న: ఓ యాప్ కొత్త వెర్షన్ విడుదల కాకముందే వాడి చూసే బృందంలో చేరాను. కనపడిన లోపమల్లా రాసి పంపుతున్నాను. ఒక్కదానికీ జవాబు లేదు. కంపెనీలు నిజంగా మా మాట వింటాయా, ఊరికే పని చేయించుకుంటాయా?
– ఓ పాఠకురాలు

జవాబు: రెండూనండీ. ఇలాంటి ఫిర్యాదులు చదివి వేరుచేసే ఉద్యోగం కొన్నేళ్లు చేశాను కాబట్టి అవతలి వైపు సంగతి చెబుతాను. 'బాగాలేదు', 'స్లోగా ఉంది' అన్నవే గుట్టలుగా వస్తాయి. వాటితో ఇంజినీరు ఏం చేస్తాడు? ఏ ఫోను, ఏ వెర్షన్, ఏది నొక్కితే ఏమైంది, మళ్లీ చేస్తే మళ్లీ అలాగే అయిందా... ఇవి ఉన్న ఫిర్యాదును నేను పక్కన పెట్టిన గుర్తు లేదు.

అయితే అంతా మీ రాతలోనే లేదు. 2018 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి ఓ పెద్ద అప్‌డేట్ వదిలింది. కొందరి కంప్యూటర్లలో డాక్యుమెంట్లు, ఫొటోలు మాయమయ్యాయి. కొద్దిరోజులకే పంపిణీ ఆపేయాల్సి వచ్చింది. విడ్డూరమేమిటంటే, ముందుగా వాడి చూసే 'ఇన్‌సైడర్' సభ్యులు కొందరు ఆ సంగతి విడుదలకు ముందే రాసి పెట్టారు! తోటి సభ్యుల ఓట్లు ఎక్కువ పడ్డ ఫిర్యాదులు పైకి తేలే పద్ధతి అది. వీటికి తగినన్ని ఓట్లు పడలేదు, అడుగునే ఉండిపోయాయి. ఫైళ్లు పోవడం పదిమందికే జరిగినా ప్రమాదమేనని ఓట్ల లెక్కకేం తెలుసు? ఆ తర్వాతే, లోపం ఎంత తీవ్రమో రాసేవాళ్లే సూచించే వీలు కల్పించారు. మీ యాప్‌లో ఆ వీలు లేకపోతే 'డేటా పోయింది' లాంటి మాట మొదటి వాక్యంలోనే పెట్టండి.

ఊరికే పని సంగతంటారా, పరీక్షించే వాళ్లకు చాలాచోట్ల డబ్బులుండవు. కొత్త ఆలోచన ఇచ్చేవాళ్ల కథ కాస్త నయం: ప్లాస్టిక్ ఇటుకల బొమ్మలు చేసే లెగో కంపెనీకి, అభిమానులు తమ నమూనాలు పంపే 'లెగో ఐడియాస్' అనే వేదిక ఉంది. అందులో 10,000 మంది మద్దతు దొరికిన నమూనాను కంపెనీ పరిశీలిస్తుంది, తయారీకి ఎంచుకుంటే నికర అమ్మకాల్లో 1 శాతం దాన్ని రూపొందించిన వ్యక్తికి ఇస్తుంది.

జవాబు రాలేదని వెంటనే మానెయ్యకండి. తర్వాతి వెర్షన్‌తో వచ్చే మార్పుల జాబితా చూడండి. మీరు రాసినవి అక్కడ సర్దుకుంటూ ఉంటే వింటున్నట్టే. రెండు మూడు వెర్షన్లు గడిచినా ఒక్కటీ కదలకపోతే నిక్షేపంగా బయటికొచ్చేయండి, మొహమాటం అక్కర్లేదు. ఉన్నన్నాళ్లూ మాత్రం రోజూ వాడే ఫోనులో ఆ వెర్షన్ వేయకండి. వేయక తప్పకపోతే ముందు బ్యాకప్ తీసుకోండి.