పాప ఫోన్‌లో ముందు ఏం ఉండాలి?

ప్రశ్న: మాది పాకాల దగ్గర పల్లె. మా పాప తెలుగు మీడియంలో పదో తరగతి పాసై, ఈ ఏడాది తిరుపతిలో ఇంటర్ ఎంపీసీలో చేరింది. మా చెల్లెలి ఇంట్లో ఉండి చదువుకుంటోంది. కాలేజీ వాళ్లు అన్నీ వాట్సాప్ గ్రూపులోనే పెడుతున్నారంటే కొత్త ఫోన్ కొనిచ్చాం. ఇప్పుడు ఒకరు ఒక యాప్ వేసుకోమంటారు, ఇంకొకరు ఇంకోటి అంటారు. ఒక కోచింగ్ యాప్ వాళ్లయితే రోజూ ఫోన్ చేసి, రెండేళ్ల కోర్సు నెల కంతుల్లో కట్టొచ్చు, ఆఫర్ ఈ వారమే అంటున్నారు. మావారు పాల వ్యాన్ నడుపుతారు. పాపకు ఇంజినీరింగ్ చదవాలని ఉంది. ఫోన్‌లో ఏ యాప్‌లు ఉంటే మంచిది? అసలు ఫోన్ ఇచ్చి తప్పు చేశామా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఫోన్ ఇచ్చి మీరేం తప్పు చేయలేదు. ఇంటికి దూరంగా ఉండి చదువుకునే పిల్లకు అది అవసరమే. ఫీజు గడువు, పరీక్షల తేదీలు, సెలవు సంగతి అన్నీ ఇప్పుడు దాంట్లోకే వస్తున్నాయి. మీ ఉత్తరం చదివాక నాకు టెన్షన్ పుట్టించింది ఆ కంతుల కోర్సు. అందుకే ముందు దాని గురించి చెప్పి, తర్వాత మిగతా యాప్‌ల దగ్గరికి వస్తాను.

ఈ వారం దేనికీ ఒప్పుకోకండి. ఎవరికీ ఓటీపీ చెప్పకండి. మా తమ్ముడి ఇంట్లో కొన్నేళ్ల కిందట ఇదే జరిగింది. నచ్చకపోతే మానేయొచ్చు, ఊరికే చూడండి అన్నారు. ఆధార్, పాన్ నంబర్లు తీసుకుని ఓటీపీ చెప్పించుకున్నారు. నెల తిరిగేసరికి ఖాతాలోంచి డబ్బు పోవడం మొదలైంది. విచారిస్తే కోర్సు ఫీజు మొత్తం ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర మా తమ్ముడి పేరు మీద అప్పుగా ఉంది. పిల్లవాడు రెండు నెలలకే ఆ యాప్ తెరవడం మానేశాడు, అప్పు మాత్రం ఏడాదిన్నర కట్టారు. కోర్సు అమ్మినవాళ్లు ఫైనాన్స్ వాళ్లను అడగమన్నారు, ఫైనాన్స్ వాళ్లు కోర్సు వాళ్లను అడగమన్నారు. ఆన్‌లైన్ చదువుల కంపెనీల ఫీజుకు ఆటోమేటిక్‌గా డబ్బు కోసుకునే అనుమతి ఇవ్వవద్దని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబర్‌లోనే తల్లిదండ్రులకు సూచించింది. ఆ సూచన ఇళ్లదాకా చేరలేదు. ఒకవేళ మీరు ఇప్పటికే ఏదైనా ఒప్పుకుని ఉంటే, మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట చూసి రద్దు చేయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పండి. మోసం చేసి డబ్బు లాగారని తేలితే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి చేయాలి.

డబ్బు కట్టే కోర్సులన్నీ చెడ్డవని నేను అనను. కానీ పాప మూడు నెలలు ఉచితంగా దొరికేవాటితో రోజూ కూర్చుని, ఇంకా ఎక్కడో లోటు ఉందని తనే చెప్పినప్పుడు ఆలోచించవలసిన సంగతి అది. అప్పుడు కూడా కంతులు వద్దు, అప్పు వద్దు. చేతిలో ఉన్నంతలో ఒక సబ్జెక్టుకు ఒక్కసారి కట్టి తీసుకోండి.

ఇంకో మాట. ఫోన్ చేసేవాళ్లు సాధారణంగా ఐఐటీ, ఎన్ఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ పేరు చెప్పి అమ్ముతారు. మీ పాపకు కావలసింది ఇంజినీరింగ్ సీటు. తిరుపతిలోనే ఎస్వీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, పద్మావతి మహిళా యూనివర్సిటీలోనూ ఇంజినీరింగ్ ఉంది. వీటికి మన రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకు చాలు. ఆ పరీక్షలో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే, తప్పు రాసినా మార్కు పోదు. ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది. జేఈఈ మెయిన్ తీరు వేరు: అదే మూడు గంటల్లో 75 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పుకు మార్కు కోత. ఒకదానికి వేగం కావాలి, ఇంకోదానికి లోతు కావాలి. కాబట్టి ముందు కాలేజీ పాఠం, తర్వాత ఈఏపీసెట్, ఓపిక మిగిలితే జేఈఈ. ఈ వరుస పాపతో కూర్చుని ఖాయం చేసుకుంటే, ఏ యాప్ ఎందుకో తనకే తెలిసిపోతుంది. రెండు పరీక్షల ప్రశ్నపత్రాలూ తెలుగులో కూడా ఉంటాయని పాపకు చెప్పండి, తెలుగు మీడియం పిల్లలకు ఆ భయం చాలా ఉంటుంది. జేఈఈకి మాత్రం దరఖాస్తు నింపేటప్పుడే తెలుగు ఎంచుకోవాలి.

ఉచితంగా ఏముంది అంటారా? సాథీ అనే యాప్ ఉంది. కేంద్ర విద్యాశాఖ, ఐఐటీ కాన్పూర్ కలిసి 2023లో తెచ్చాయి. జేఈఈ, నీట్ లాంటి పరీక్షలకు వీడియో పాఠాలు, ప్రశ్నలు, మాక్ టెస్టులు అందులో ఉంటాయి. ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పిన ఐఐటీ పాల్ పాఠాలు కేంద్ర ప్రభుత్వ చదువుల టీవీ ఛానళ్లు స్వయంప్రభలో వస్తాయి, యూట్యూబ్‌లోనూ దొరుకుతాయి. పోటీ పరీక్షకు ఈ ఒక్క యాప్, ఆ పాఠాలు చాలు. నాలుగు యాప్‌లు వేసుకుంటే పిల్లలు ప్రతి దాంట్లో మొదటి అధ్యాయం చూసి వదిలేస్తారు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇది చాలా ఎక్కువ. వెక్టర్స్ మీద ఆరు వీడియోలు చూసి ఉంటారు, ఒక్క లెక్కా సొంతంగా చేసి ఉండరు.

మాక్ టెస్టులు ఫోన్‌లో వద్దు. అసలు పరీక్ష కంప్యూటర్ మీద రాయాలి. మౌస్ పట్టుకుని, పెద్ద తెర మీద ప్రశ్న చదువుతూ, కింద తెల్ల కాగితం మీద లెక్క చేయడం వేరే అలవాటు. నెలకు ఒకటి రెండుసార్లు కాలేజీ ల్యాబ్‌లో గానీ, ఇంటర్నెట్ సెంటర్‌లో గానీ మూడు గంటలు కూర్చుని రాయమనండి. పాత ప్రశ్నపత్రాలు, జవాబుల కీలు అధికారిక వెబ్‌సైట్లలోనే ఉంటాయి, డబ్బు పెట్టి కొనక్కర్లేదు.

ఇక నేను మనసారా చెప్పే యాప్ ఒకటి ఉంది, దాని పేరు ఆంకీడ్రాయిడ్. ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఉచితం, ప్రకటనలు లేవు. ఇందులో పిల్లలే చిన్న చిన్న కార్డులు తయారు చేసుకోవాలి. ముందు ప్రశ్న, వెనక జవాబు. కార్డు చూసి జవాబు మనసులో అనుకుని, తిప్పి చూసి, సులభంగా వచ్చిందా కష్టంగా వచ్చిందా అని నొక్కాలి. సులభంగా వచ్చిన కార్డు కొన్ని రోజుల తర్వాత, ఆ తర్వాత కొన్ని వారాలకు వస్తుంది. రానిది వెంటనే మళ్లీ వస్తుంది. సరిగ్గా మరిచిపోయే వేళకు గుర్తుచేయడం దాని పని. కెమిస్ట్రీకి, త్రికోణమితి సూత్రాలకు, ఇంగ్లీషు పదాలకు దీన్ని మించింది నేను చూడలేదు. ఎవరో చేసిన కార్డులు దించుకుంటే సగం లాభం పోతుంది. ఆరోజు పాఠంలోంచి పది కార్డులు తనే రాయాలి. పొద్దున బస్సులో కాలేజీకి వెళ్లే ఇరవై నిమిషాలు దానికి సరిపోతాయి. పాప కెమిస్ట్రీ నోట్సు పక్కన పెట్టుకుని మొదటి కార్డు రాసేటప్పుడు మీ చెల్లెల్ని కూడా పక్కన కూర్చోమనండి, ఒకరు అడిగితే ఒకరు చెప్పొచ్చు.

లెక్కలకు జియోజీబ్రా అనే యాప్. పుస్తకంలో పరావలయం బొమ్మ కదలదు, ఇందులో సమీకరణంలో అంకె మారిస్తే గీత ఎలా వంగుతుందో కళ్ల ముందే కనిపిస్తుంది. ఫిజిక్స్‌కు అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ ప్రయోగాలు ఉన్నాయి, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి. ల్యాబ్ వసతి అంతగా లేని కాలేజీల పిల్లలకు ఇవి పెద్ద ఆసరా.

లెక్కను ఫొటో తీస్తే జవాబు చెప్పే యాప్‌లు, ఏది అడిగినా రాసిచ్చే ఏఐ యాప్‌లు కూడా పాప ఫోన్‌లోకి వస్తాయి, ఆపలేరు. ఒక నియమం చాలు. ముందు కాగితం మీద తను ప్రయత్నించాలి, ఎక్కడ ఆగిందో గుర్తించాలి, ఆ మెట్టు గురించే అడగాలి. అవి ధీమాగా తప్పులు కూడా చెబుతాయి, కాబట్టి జవాబును పుస్తకంతో సరిచూసుకోవాలి.

ఇంగ్లీషు మీడియంలోకి వచ్చిన మొదటి ఆరు నెలలు కష్టంగా ఉంటుంది. లెక్చరర్ చెప్పింది అర్థం కాక కాదు, పదం తెలియక వెనకబడతారు. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో చాలా నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు. గూగుల్ ట్రాన్స్‌లేట్ కెమెరా పేజీని తెలుగులో చూపిస్తుంది, పేరా మొత్తానికి వాడకుండా, అర్థం కాని వాక్యానికి వాడితే మంచిది. ఆకాశవాణి యాప్ న్యూస్ ఆన్ ఎయిర్‌లో ఇంగ్లీషు వార్తలు నిదానంగా, స్పష్టంగా చదువుతారు. రోజూ ఒక బులెటిన్ వింటే చెవి అలవాటు పడుతుంది.

వాట్సాప్ ఎలాగూ ఉంది కాబట్టి అందులో రాష్ట్ర ప్రభుత్వ సేవలు అందించే మన మిత్ర నంబరు 9552300009 సేవ్ చేసి పెట్టుకోండి. 2025లో మొదలైంది. ఇంటర్ హాల్ టికెట్లు దాంట్లో కూడా ఇచ్చారు. హాల్ టికెట్ కోసం ఎవరి చుట్టూ తిరగక్కర్లేదు.

ఇప్పుడు ఫోన్ సెట్టింగ్స్. చదువు యాప్ ఎంత మంచిదైనా, పక్కనే షార్ట్స్, రీల్స్ ఉంటే ఓడిపోతుంది. ఇది పిల్ల బలహీనత అనుకోకండి, వాటిని అలాగే తయారు చేశారు. యూట్యూబ్‌లో చూసిన వీడియోల చరిత్రను తుడిచేసి ఆపేస్తే, హోమ్ పేజీ ఖాళీగా కనిపిస్తుంది. అప్పుడు పాప తనకు కావలసింది వెతుక్కుని చూస్తుంది, వాళ్లు చూపించింది చూడదు. నేను చెప్పిన సెట్టింగ్స్‌లో పిల్లలు ఎక్కువగా మెచ్చుకున్నది ఇదే. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది, అక్కడ ఒక్కో యాప్‌కు రోజుకు ఇన్ని నిమిషాలని పెట్టొచ్చు. ఎన్ని నిమిషాలో పాపనే చెప్పనివ్వండి. మీరు ఇరవై అంటే తను గొడవపడుతుంది, తను నలభై అని పెట్టుకుంటే నిలబెట్టుకుంటుంది. ఫోన్‌ను చాటుగా గమనించే యాప్‌లు వేయొద్దు. పదహారేళ్ల పిల్లకు అది తెలిసిన రోజు మీకు ఏ కష్టమూ చెప్పుకోదు. రాత్రి పడుకునేటప్పుడు ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో ఒకేచోట ఛార్జింగ్‌కు పెడితే బాగుంటుంది, మీ చెల్లెలివి కూడా.

యాప్ ఏదైనా ప్లే స్టోర్‌లోంచే వేసుకోవాలి, వాట్సాప్‌లో వచ్చిన లింకులోంచి వద్దు. డిక్షనరీ యాప్‌కు కాంటాక్టులు, మెసేజ్‌లు చూసే పని లేదు, అడిగితే తీసేయండి. తిరుపతిలో రద్దీ ఎప్పుడూ ఉంటుంది, బస్సుల్లో, స్టేషన్‌లో ఫోన్ పోవడం కొత్త కాదు. డయల్ చేసే చోట *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరు ఒక కాగితం మీద రాసి మీ ఇంట్లో పెట్టండి. పోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఆ నంబరుతో ఫోన్‌ను పనికిరాకుండా చేయొచ్చు.

చివరగా సర్టిఫికెట్లు ఫోన్‌లో దాచుకునే ప్రభుత్వ యాప్ డిజిలాకర్. ఇది 2015లో వచ్చింది. ఇందులో నేరుగా జారీ అయిన సర్టిఫికెట్లకు అసలు కాగితాలతో సమానమైన విలువ ఉంది. పాప పేరుతో ఖాతా తెరిచి పదో తరగతి మార్కుల జాబితా తెచ్చుకోమనండి. అలా తెచ్చుకునేటప్పుడే ఒక ముఖ్యమైన సంగతి బయటపడుతుంది: ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌తో కలుస్తున్నాయా లేదా అని. ఇంటి పేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉండడం, స్పెల్లింగ్‌లో ఒక అక్షరం ఎక్కువ ఉండడం మన పల్లెల్లో చాలా సాధారణం. దరఖాస్తుల సమయంలో అది తెలిస్తే పరుగులు పెట్టాలి. పైగా 15 ఏళ్లు దాటిన పిల్లలు ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప వివరాలు కొత్తగా ఇవ్వాలి. 15 నుంచి 17 ఏళ్ల మధ్య ఇది ఉచితం. పాప ఈసారి సెలవుకు పాకాల వచ్చినప్పుడు పదో తరగతి సర్టిఫికెట్ తీసుకుని, ఆధార్ సేవలున్న సచివాలయానికి మీరే వెంట వెళ్లి రెండు పనులూ ఒకేసారి చేయించండి.