కోళ్లకోసం వచ్చే లోబో గ్వారా దూడల మీద పడుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి బ్రెజిల్‌లోని మినాస్ జెరైస్ రాష్ట్రంలో, మన ఒంగోలు జాతి సంతతికి చెందిన నెలోరే పశువుల క్షేత్రం చూసుకుంటున్నాడు. రాత్రిపూట ఎర్రటి ఒళ్లు, పొడవాటి నల్లటి కాళ్లు ఉన్న నక్కలాంటి జంతువు వస్తోందట, కోళ్లు పోతున్నాయట. అది దూడల మీద పడుతుందా? విషం పెట్టవచ్చా?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు చెప్పిన ఆనవాళ్లను బట్టి అది అక్కడి సెర్రాడో గడ్డిభూముల్లో తిరిగే లోబో గ్వారా. దక్షిణ అమెరికాలోని కుక్క కుటుంబపు జంతువులన్నిటిలోకీ ఇదే పెద్దది. భుజం దగ్గర సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నా బరువు మాత్రం సాధారణంగా 20 నుంచి 30 కిలోలే. ఇది గుంపు కట్టదు. ఆడ, మగ ఒకే హద్దులో జీవితాంతం ఉన్నా మేత వెతుక్కునేది విడివిడిగానే. ఎత్తైన గడ్డిలో నిలబడి, పెద్ద చెవులతో ఎలుక కదలికను పసిగట్టి, ఎగిరి ముందుకాళ్లతో అదిమి పట్టడం దాని వేట పద్ధతి కాబట్టి, తల్లి పక్కన ఉన్న దూడ గురించి మీరు దిగులు పడనక్కరలేదు. దూడలు చనిపోతుంటే ముందు బొడ్డు చీము, పారుడు వంటి రోగాలను చూపించుకోవడం మంచిది.

దాని ఆహారంలో దాదాపు సగం పండ్లే. ముఖ్యంగా వంగ, టమాటాల ప్రజాతికే చెందిన లోబైరా కాయలను ఇష్టంగా తింటుంది, గింజలను పెంటలో వదిలి ఆ మొక్కను వ్యాపింపజేస్తుంది. కోళ్లను మాత్రం దొరికితే వదలదు. అయితే అక్కడ కోళ్లను ఎత్తుకుపోయే ఇతర నక్కలు, అడవిపిల్లులు కూడా ఉన్నందువల్ల, తడి మట్టిలో అడుగుజాడ చూడమనండి: దీని మధ్య రెండు వేళ్ల మెత్తలు మొదట్లో కలిసి ఉంటాయి.

విషం వద్దు. బ్రెజిల్ చట్టం వన్యప్రాణులను చంపడాన్ని నిషేధించింది. పైగా ఆ ఎరను ముందు తినేది సొంత కుక్కలే కావచ్చు. చీకటి పడకముందే కోళ్లను గట్టి ఇనుప వల ఉన్న గూట్లోకి తోలి, వల అంచును అడుగు లోతు మట్టిలో పాతి, తలుపు గడియ వేస్తే చాలా వరకు నష్టం ఆగిపోతుంది. జంతువు గూట్లోనే చిక్కితే దగ్గరికి పోకుండా రాష్ట్ర పర్యావరణ పోలీసులకు చెప్పాలి. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య ఇది గుబురు గడ్డిలో నల్లటి బొచ్చున్న పిల్లలను ఈనుతుంది కనుక, ఆ నెలల్లో బీడుకు నిప్పు పెట్టకపోవడం మేలు. క్షేత్రంలోని కుక్కలకు డిస్టెంపర్, పార్వో టీకాలు తప్పక వేయించి, రాత్రి కట్టి ఉంచమనండి. ఈ రోగాలు వాటినుంచి లోబో గ్వారాకు సోకుతాయి.